పావు రోజు ఎక్కడికి పోతుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 365 రోజుల 6 గంటలు పడుతుందని, ఆ ఆరేసి గంటలను నాలుగేళ్లు దాచి ఒక రోజుగా చేసి ఫిబ్రవరికి కలుపుతారని బడిలో చెప్పారు. అలా దాచడం ఎందుకు, ఏ ఏటి ఆరు గంటలు ఆ ఏడే కలిపేస్తే పోదా అన్నది మొదటి ముక్క. అసలు కలపకపోతే ఏమవుతుందన్నది రెండోది. నాలుగుతో భాగహారం పోతున్నా 1900 లీపు సంవత్సరం కాలేదు, 2000 మాత్రం అయింది, ఇదేం లెక్క అన్నది మూడోది. నేను చాలా ఏళ్లు ఖగోళశాస్త్రం పాఠాలు చెప్పాను, తేదీల లెక్కలు చేసే ప్రోగ్రాములు కూడా రాశాను. ఈ మూడు ప్రశ్నలూ నాకు బాగా పరిచయం. బడిలో చెప్పే ఆ రెండు వాక్యాల్లో అసలు విషయం జారిపోతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. రోజుకీ ఏడాదికీ ఏ చుట్టరికమూ లేదు. భూమి తన చుట్టూ తాను తిరిగితే రోజు, సూర్యుడి చుట్టూ తిరిగితే ఏడాది. గడియారంలో నిమిషాల ముల్లు పన్నెండు చుట్లు తిరిగేసరికి గంటల ముల్లు సరిగ్గా ఒక చుట్టు పూర్తి చేస్తుంది, ఎందుకంటే లోపల పళ్లచక్రాలను అలా బిగించారు. భూమి రెండు కదలికలనూ కలిపి బిగించిన చక్రం ఏదీ లేదు. కాబట్టి ఏడాదిలో ఎన్ని రోజులున్నాయో కొలిస్తే పూర్ణసంఖ్య రావాలనే నియమం లేదు. వచ్చిన జవాబు 365.2422. అది పూర్ణసంఖ్య అయి ఉంటేనే వింత.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఒక జనవరి 1 అర్ధరాత్రి లెక్క మొదలుపెట్టాం అనుకోండి. 365 రోజులు గడిచాక మళ్లీ అర్ధరాత్రి అయింది. భూమి మాత్రం తన చోటికి ఇంకా చేరలేదు, దాదాపు ఆరు గంటల దూరంలో ఉంది. ఆ ఆరు గంటలూ ఆగి కొత్త సంవత్సరం మొదలుపెడదాం అంటే, కొత్త సంవత్సరం ఉదయం ఆరింటికి మొదలవ్వాలి. మరుసటి ఏడు మధ్యాహ్నం, ఆ పైఏడు సాయంత్రం. ఒకే పగటిలో సగం డిసెంబరు, సగం జనవరి. గడియారాన్నే జరుపుదామంటే అది ఇంకా ఇబ్బంది. రెండేళ్లకు గడియారం రాత్రి పన్నెండు చూపిస్తుంటే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. మనం నిద్రపోయేదీ లేచేదీ ఏడాదిని బట్టి కాదు, రోజును బట్టి. అందుకే తేదీని ముక్కలు చేయలేం. క్యాలెండర్‌కు ఉన్న అధికారం ఒక్కటే, ఈ ఏటికి 365 రోజులు ఇవ్వాలా, 366 ఇవ్వాలా అని తేల్చుకోవడం.

ఇంకొక మాట. ఆ ఆరు గంటలను ఎవరూ ఎక్కడా దాచలేదు. అవి మామూలుగానే గడిచిపోయాయి, ఆ సమయంలో మనం జనవరి 1 తెల్లవారుజామున నిద్రపోతున్నాం. జరిగిందల్లా క్యాలెండర్ పేజీ ఆరు గంటలు తొందరపడి తిరిగింది. నాలుగేళ్లకు ఆ తొందర ఒక రోజంత అవుతుంది. ఫిబ్రవరి 29 అంటే క్యాలెండర్ ఒక రోజు ఆగి, వెనకబడ్డ భూమిని చేరుకోనివ్వడం. పిల్లలకు "కలుపుతాం" అనే బదులు "ఆగుతాం" అని చెప్పడం మొదలుపెట్టాక వాళ్లకు చాలా త్వరగా అర్థమవుతుండేది.

దీన్ని అంకెల్లో చూడండి. మార్చి విషువత్తు అంటే సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖకు ఎదురుగా వచ్చే క్షణం. రోజంతా ఉండేది కాదు, ఒక్క క్షణం, కాబట్టి దాన్ని నిమిషాలతో సహా చెప్పవచ్చు. అంతర్జాతీయ ప్రామాణిక సమయం (యూటీసీ) ప్రకారం 2020లో అది మార్చి 20 ఉదయం 3:50కి వచ్చింది. 2021లో అదే తేదీన ఉదయం 9:37కి. 2022లో మధ్యాహ్నం 3:33కి. 2023లో రాత్రి 9:24కి. ఏటా దాదాపు ఆరు గంటలు ఆలస్యమవుతోంది. ఇలాగే వదిలేస్తే 2024లో మార్చి 21కి జారిపోవాలి. మధ్యలో ఫిబ్రవరి 29 వచ్చింది కాబట్టి మళ్లీ మార్చి 20కే వచ్చింది, ఉదయం 3:06కి.

ఇక్కడ 2020నీ 2024నీ పక్కపక్కన పెట్టి చూడండి. 3:50 ఒకటి, 3:06 ఒకటి. నాలుగేళ్ల చక్రం పూర్తయి మొదటికి రావాలి కదా, 44 నిమిషాలు ముందుకు ఎందుకు వచ్చింది? ఎందుకంటే "ఆరు గంటలు" అనేది చేతికి సులువైన అంకె, నిజం కాదు. అసలు మిగులు 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. పూర్తి ఆరు గంటలు లెక్కేసి ఒక రోజు ఆగితే, ఏడాదికి 11 నిమిషాల 15 సెకన్లు ఎక్కువ ఆగినట్టు. నాలుగేళ్లకు 45 నిమిషాలు. (44 వచ్చిందేమిటంటే, చంద్రుడూ ఇతర గ్రహాలూ లాగడం వల్ల ఏ ఏడాది విషువత్తు అయినా కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఊగుతుంది. సగటు మీద 45 అనుకోండి.) మీ మూడో ప్రశ్నకు జవాబు ఈ 44 నిమిషాల్లోనే ఉంది. దానికి ముందు రెండోది చూద్దాం.

కలపకపోతే ఏమవుతుంది? ఒక మనిషి జీవితంలో పెద్దగా తెలియదు. నూరేళ్లకు 24 రోజుల తేడా. 750 ఏళ్లకు తేదీలూ ఋతువులూ పూర్తిగా తలకిందులవుతాయి, ఎండాకాలంలో వచ్చే తేదీకి చలికాలం వస్తుంది. దాదాపు 1,500 ఏళ్లకు మొత్తం చుట్టు తిరిగి మళ్లీ కలుస్తుంది. ఇది ఊహ కాదు, ప్రాచీన ఈజిప్టులో జరిగింది. వాళ్ల ఏడాది 30 రోజుల నెలలు పన్నెండు, చివర 5 రోజులు, మొత్తం 365. లీపు లేదు. ఏడాదిని మూడు కాలాలుగా చేసి మొదటిదానికి నైలు నది వరదల కాలం అని పేరు పెట్టుకున్నారు. కొన్ని శతాబ్దాలు గడిచేసరికి క్యాలెండర్‌లో వరదల కాలం నడుస్తుంటే నదిలో వరద లేదు. పేరు మిగిలింది, అర్థం జారిపోయింది.

వాళ్లకు ఈ సంగతి తెలియదనుకోవద్దు. క్రీ.పూ. 238లో, మూడో టాలెమీ రాజు కాలంలో, పూజారులు సమావేశమై నాలుగేళ్లకొక రోజు కలపాలని తీర్మానించి శిలల మీద చెక్కించారు. కానోపస్ శాసనం అంటారు దాన్ని. చలికాలపు పండుగలు ఎండాకాలంలోకి జారిపోకూడదన్న కారణం కూడా అందులో రాశారు. లీపు సంవత్సరాన్ని ఇంత స్పష్టంగా, ఇంత ముందుగా చెప్పిన ఆ శాసనమంటే నాకు చాలా గౌరవం. కానీ అది అమల్లో నిలవలేదు. మరో రెండు వందల ఏళ్లకు, రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో గానీ ఈజిప్టుకు లీపు రోజు రాలేదు.

రోములో రోగం వేరు. అక్కడ ఏడాది 355 రోజులే, అవసరమైనప్పుడు మధ్యలో ఒక అదనపు నెల కలపాలి. ఎప్పుడు కలపాలో తేల్చే అధికారం మతాధికారుల చేతిలో ఉండేది, వాళ్లలో చాలామంది రాజకీయాల్లోనూ ఉండేవాళ్లు. తమవాడు పదవిలో ఉంటే ఏడాది పొడవు పెంచడం, పగవాడు ఉంటే తగ్గించడం జరిగేవి. యుద్ధాల గొడవలో కొన్నేళ్లు అసలు కలపడమే మానేశారు. జూలియస్ సీజర్ నాటికి క్యాలెండర్ ఋతువుల కంటే సుమారు మూడు నెలలు ముందుకు పోయింది. దాన్ని దారిలో పెట్టడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకు సాగదీశారు. తర్వాత క్రీ.పూ. 45 జనవరి 1 నుంచి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనీస్ అనే ఖగోళ పండితుడి సలహా మీద, కొత్త పద్ధతి మొదలైంది. మూడేళ్లు 365, నాలుగో ఏడు 366. ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేదు. సీజర్ చేసిన పనిలో గొప్పది ఇదేనని నా అభిప్రాయం. ఎప్పుడు ఆగాలన్నది మనుషుల చేతిలోంచి తీసేసి లెక్క చేతిలో పెట్టాడు.

అయినా మొదట్లోనే తప్పు దొర్లింది. మరుసటి ఏడే సీజర్ హత్యకు గురయ్యాడు. తర్వాత వచ్చిన అధికారులు "నాలుగో ఏడు" అన్న మాటను, మొదలుపెట్టిన ఏడును కూడా కలుపుకొని లెక్కించారు. అంటే నిజానికి మూడేళ్లకోసారి లీపు పెట్టారు. 36 ఏళ్లలో 9 ఉండాల్సిన లీపు రోజులు 12 అయ్యాయి. అగస్టస్ కొన్నేళ్లు లీపులు ఆపించి దాన్ని సరిచేశాడు. కంచె వేయడానికి ఎన్ని గుంజలు కావాలో లెక్కపెట్టేటప్పుడు చివరి గుంజను మర్చిపోవడం, లేదా రెండుసార్లు లెక్కపెట్టడం ఉంటుంది చూడండి, అదే తప్పు. ఇప్పటికీ తేదీల ప్రోగ్రాముల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

లీపు రోజు ఫిబ్రవరిలోనే ఎందుకంటే, పాత రోమన్ లెక్కలో ఏడాది మార్చితో మొదలయ్యేది, ఫిబ్రవరి చివరి నెల. సర్దుబాట్లన్నీ ఏడాది చివర చేసే అలవాటు అలా మిగిలింది. అప్పట్లో 29వ తేదీ అని కూడా లేదు, 24వ తేదీనే రెండుసార్లు లెక్కపెట్టేవాళ్లు.

ఇప్పుడు ఆ 11 నిమిషాల దగ్గరికి వద్దాం. ఏడాదికి 11 నిమిషాల 15 సెకన్లంటే 128 ఏళ్లకు ఒక రోజు. సీజర్ క్యాలెండర్ అలా అక్కరకు మించి ఆగుతూ వచ్చింది. క్రీ.శ. 325లో నైసియాలో క్రైస్తవ మతాచార్యులు సమావేశమైన నాటికి విషువత్తు మార్చి 21 ప్రాంతంలో ఉండేది, ఈస్టర్ లెక్కను ఆ తేదీకే ముడివేశారు. 1582 నాటికి అది మార్చి 11 దాకా వచ్చేసింది. 1,257 ఏళ్లను 128తో భాగించి చూడండి, దాదాపు పది వస్తుంది. ఈస్టర్ వసంతంలోంచి మెల్లగా ఎండాకాలం వైపు జరుగుతోందన్నమాట. పదమూడో గ్రెగరీ పోప్ ఈ పనిని పండితుల సంఘానికి అప్పగించాడు. ప్రధాన ఆలోచన అలోసియస్ లిలియస్ అనే వైద్యుడిది. ఆయన అప్పటికే చనిపోయాడు. దాన్ని వివరించి, విమర్శలకు జవాబు చెప్పి నిలబెట్టినవాడు క్రిస్టఫర్ క్లావియస్ అనే గణిత పండితుడు. 1582 అక్టోబరు 4 గురువారం తర్వాతి రోజును అక్టోబరు 15 శుక్రవారం చేశారు. పది తేదీలు పోయాయి, వారాల వరస మాత్రం చెదరలేదు.

పది తేదీలు ఎత్తేయడం గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ముఖ్యంగా తోచేది రెండో భాగం, ఇకమీదట జారకుండా చేసిన ఏర్పాటు. ఇదే మీ మూడో ప్రశ్న. లెక్క చాలా చిన్నది. ఏడాదికి మిగులు 0.2422 రోజు. 400 ఏళ్లకు ఎంత? 96.88. దగ్గరి పూర్ణసంఖ్య 97. సీజర్ పద్ధతిలో 400 ఏళ్లకు 100 లీపు రోజులు వస్తాయి. అంటే మూడు ఎక్కువ. ఆ మూడింటినీ ఎక్కడ తీసేయాలి? గుర్తు పెట్టుకోవడానికి వీలుగా శతాబ్దం చివరి సంవత్సరాల్లో తీసేశారు. 400 ఏళ్లలో అలాంటివి నాలుగు వస్తాయి, మూడింటిని తీసి ఒకదాన్ని ఉంచాలి. 400తో భాగించబడేదాన్ని ఉంచారు. అందుకే 1700, 1800, 1900 లీపు సంవత్సరాలు కాలేదు, 2000 అయింది. 2100, 2200, 2300 కావు, 2400 అవుతుంది. నియమం వినడానికి మెలికలాగా ఉంటుంది గానీ, నూరింటిలోంచి మూడు తీసేయాలన్న అవసరం లోంచి పుట్టినదే.

దీంతో సగటు ఏడాది 365.2425 రోజులైంది. ఇంకా 26 సెకన్లు ఎక్కువే, సుమారు 3,200 ఏళ్లకు ఒక రోజు. ఇంతకంటే కచ్చితమైన నియమం లేకపోలేదు. 128 ఏళ్లకు 31 లీపులు పెడితే సగటు 365.2421875 వస్తుంది, తేడా సెకనులోపే. కానీ ఏ ఏడాది 128తో భాగించబడుతుందో నోటితో ఎవరు చెప్పగలరు? పైగా భూమి తిరుగుడు మెల్లగా నెమ్మదిస్తోంది, మూడు వేల ఏళ్ల తర్వాత ఏడాదిలో రోజుల సంఖ్య ఇదే దశాంశం దగ్గర ఉండదు. లిలియస్ సరైన చోటే ఆగాడని నేను నమ్ముతాను.

ఈ మార్పును అన్ని దేశాలూ ఒకేసారి ఒప్పుకోలేదు. బ్రిటన్ 1752 దాకా ఆగింది, అప్పటికి తేడా 11 రోజులైంది. రష్యా 1918లో మారింది, తేడా 13 రోజులు. అక్టోబరు విప్లవం వార్షికోత్సవం నవంబరు 7న రావడానికి ఇదే కారణం.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక విషయం చెప్పాలి. "భూమి తన చోటికి తిరిగి రావడం" అని పైన రెండుసార్లు అన్నాను. ఏ చోటికి? నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకుని కొలిస్తే భూమి ఒక చుట్టు పూర్తి చేయడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాల 10 సెకన్లు పడుతుంది. ఋతువును ఆనవాలుగా పెట్టుకుంటే, అంటే ఒక మార్చి విషువత్తు నుంచి మరో మార్చి విషువత్తు దాకా కొలిస్తే, సుమారు 20 నిమిషాలు తక్కువ. కారణం భూమి అక్షం. ఋతువులు వచ్చేది ఆ అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండడం వల్ల. ఆ వాలు కోణం దాదాపు అలాగే ఉన్నా, అది చూపే దిక్కు మాత్రం తిరిగే బొంగరం తల ఊగినట్టు మెల్లగా తిరుగుతోంది. ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు. ఈ అయనచలనం వల్ల ఋతువు ప్రతి ఏడూ భూమికి కొంచెం ముందే ఎదురొస్తుంది. అందుకే నక్షత్రాలకు కట్టుబడి చేసిన నిరయన సౌరమానం, లీపు లెక్క ఎంత బాగా చేసినా, 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఋతువుల నుంచి జరుగుతుంది. అది ఆ పద్ధతిలో తప్పు కాదు, అది ఎంచుకున్న ఆనవాలు వేరు. ఏ క్యాలెండర్ గురించి అయినా "ఇది సరైనదా" అని అడిగే ముందు "ఇది దేన్ని పట్టుకుని నడుస్తోంది" అని అడగాలి.

చంద్రుణ్ణి పట్టుకున్న క్యాలెండర్లకూ ఇదే చిక్కు, కాకపోతే పెద్ద మోతాదులో. పన్నెండు చాంద్రమాసాలంటే 354 రోజులు చిల్లర, ఏడాదికి 11 రోజులు తక్కువ. ఇస్లామిక్ హిజ్రీ క్యాలెండర్ ఆ తేడాను అలాగే వదిలేస్తుంది, అందుకే దాని నెలలు సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తాయి. ఋతువును కూడా వదలకూడదనుకున్నవాళ్లు ఒక రోజు సరిపోక ఏకంగా ఒక నెల ఆగుతారు. యూదుల లెక్కలో 19 ఏళ్లకు 7 అదనపు నెలలు. మన చాంద్రమానంలో, సూర్యుడు రాశి మారని చాంద్రమాసం అధికమాసం అవుతుంది. మనకు తెలిసిన అధికమాసమూ ఫిబ్రవరి 29 కూడా ఒకే అవసరానికి పుట్టినవి.

లీపు సెకను కూడా ఇలాంటిదేనా అని కొందరు అడుగుతారు. కాదు. అది అణు గడియారాలకూ భూమి తిరుగుడుకూ మధ్య తేడాను సర్దేది, ఏడాదితో దానికి పని లేదు.

మీరు ప్రోగ్రాములు రాస్తారని ప్రశ్నలో చెప్పారు కాబట్టి ఒక హెచ్చరిక. "నాలుగుతో భాగిస్తే చాలు" అన్న నియమం 1901 నుంచి 2099 వరకు ఒక్కసారి కూడా తప్పదు. పరీక్షల్లో దొరకదు. 2000లో తప్పు జవాబు ఇచ్చింది నూరు నియమం తెలిసి నాలుగు వందల నియమం తెలియని ప్రోగ్రాములే, ఏమీ తెలియనివి సరిగ్గా పనిచేశాయి. ఎక్సెల్‌లో ఈ రోజుకీ 1900 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ ఉంటుంది. అంతకు ముందు వాడుకలో ఉన్న లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంతో లెక్కలు కలవాలని ఆ తప్పును అలాగే ఉంచారు. మీ ప్రోగ్రాంను పరీక్షించేటప్పుడు 1900, 2000, 2024, 2100 నాలుగూ తప్పకుండా పెట్టండి.

2100 దూరంగా ఉందని వదిలేయొద్దు. ఈ రోజు పుట్టిన పిల్లల్లో చాలామంది దాన్ని చూస్తారు, దీర్ఘకాలపు ఒప్పందాల తేదీలు ఇప్పటికే అక్కడికి చేరుతున్నాయి. 2096 నాటికి మార్చి విషువత్తు, ఆ 45 నిమిషాల చొప్పున జరుగుతూ జరుగుతూ, మార్చి 19 మధ్యాహ్నం దాకా వచ్చేస్తుంది. 2100లో లీపు ఉండదు కాబట్టి మళ్లీ మార్చి 20కి వెళ్తుంది. ఆ ఏడు ఫిబ్రవరి 28 ఆదివారం, మరుసటి రోజు సోమవారం మార్చి 1.